చెవికి అందని వేగం

శ్రుతి మాస్టారి బండికి వెనక ఇరుసులో పళ్ళచక్రాలు మార్చినప్పుడు ఇంట్లో అందరికీ సంతోషమే. భయం తర్వాత వచ్చింది. అది కూడా తలుపు తట్టి రాలేదు. గదిలో ఎప్పుడు దూరిందో తెలియని పిల్లిలా వచ్చి ఒక మూల కూర్చుంది.

పియానోలకూ హార్మోనియంలకూ శ్రుతి సరిచేయడం ఆయన వృత్తి, అందుకే ఊరికి ఆయన శ్రుతి మాస్టారు. భార్య బడి పిల్లల వ్యాను నడుపుతుంది కాబట్టి ఆమె వ్యానక్క. ఆ బండి ఆయనకు పెళ్ళి కాకముందు నుంచీ ఉంది. రెండే సీట్లు, పైన బట్ట టాపు, పొడుగాటి ముక్కు. వ్యానక్క దాన్ని సవతి అనేది, కాపురానికొచ్చిన కొత్తలో కోపంగా, ఆ తర్వాత అలవాటుగా.

ఆ బండిలో వేగం చూపించే ముల్లు ఎప్పుడో సున్నా దగ్గర పడుకుని మళ్ళీ లేవలేదు. బాగుచేస్తానని వ్యానక్క తమ్ముడు ఎన్నోసార్లు అన్నాడు. వాడికి రైలు కట్ట పక్కన మెకానిక్ షెడ్డు ఉంది.

"నాకు ముల్లెందుకురా? ఇంజిను ఏ స్వరం మీద ఉందో వింటే చాలదూ? మూడో గేరులో ఈ స్వరం పలికితే నలభై," అని మాస్టారు ఆ స్వరాన్ని ముక్కుతో పలికి చూపించేవాడు.

అది ఉత్త బడాయి కాదు. వ్యానక్క తన వ్యానుతో వెనకే వెళ్ళి చూసింది. ఆయన నలభై అంటే నలభై, యాభై అంటే యాభై. దేవుడు కొందరికి చెవులు వినడానికిస్తాడు, ఈయనకు కొలవడానికిచ్చాడనుకుని ఆమె లోలోపల మురిసిపోయేది.

చిక్కల్లా పెట్రోలుతోనే వచ్చింది. పాత బండ్ల సంఘం వాళ్ళు ఏటా ఒక పందెం పెడతారు. పొద్దున్నే అందరి ట్యాంకులూ నింపి మూతలకు సీలు వేస్తారు. పెద్దరోడ్డు మీద చాలా దూరం వెళ్ళి, కొండ ఎక్కి, అవతలివైపు ఘాటురోడ్డు దిగి రేవు దగ్గర ఆగాలి. ఎవరి బండి తక్కువ తాగితే వాళ్ళు గెలిచినట్టు. దిగేటప్పుడు గేరు తీసేసి బండిని ఊరికే జారవిడవకూడదు. ప్రతి బండిలోనూ ఇద్దరుండాలి. గడియారాలు బాగుచేసే ఆయన ఒకడు తన చిన్న బండితో ఏటా గెలిచేవాడు. గెలిచి ఊరుకుంటే సరిపోయేది.

"మాస్టారూ, మీ బండి బాగా పాడుతుంది. తాగడం కూడా అంతే బాగా," అనేవాడు టీ కప్పు చేత్తో పట్టుకుని, నలుగురూ వినేలా.

ఆ మాట మాస్టారికి ముల్లులా దిగి లోపలే ఉండిపోయింది. ఒకరోజు షెడ్డుకు వెళ్ళి బావమరిది ముందు కూర్చున్నాడు.

"ఏరా, దీని దాహం తగ్గించే దారేమీ లేదా?"

"ఉంది బావా. నీ బండి పుట్టిందే పరిగెత్తడానికి. చక్రం ఒక్కసారి తిరగాలంటే పై గేరులో కూడా ఇంజిను నాలుగుసార్ల పైన తిరిగి చావాలి. పెద్దరోడ్డు మీద అది రొప్పడం నీకు వినబడదా? అదే కంపెనీవాళ్ళు చేసిన ఇంటిల్లిపాదీ ఎక్కే కారొకటి పాత సామాన్ల దొడ్లో పడుంది. దాని ఇరుసులో పళ్ళచక్రాలు దీనికి సరిపోతాయి. అవి వేస్తే మూడున్నరసార్లు తిరిగితే చాలు. ఇంజిను నింపాదిగా నడుస్తుంది, తక్కువ తాగుతుంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"అన్నీ లాభాలే అయితే చెప్పేవాణ్ణే. ఎత్తెక్కేటప్పుడు ఆయాసపడుతుంది, ఊరి సందుల్లో కిందిగేర్లలోనే ఈడ్చాలి. అక్కడ మిగిల్చింది ఇక్కడ తినేస్తుంది. దిగేటప్పుడు ఇంజిను వెనక్కి పట్టే పట్టు కూడా తగ్గుతుంది."

మాస్టారికి మొదటి సగమే చెవికెక్కింది.

పళ్ళచక్రాలు మార్చాక ఆయన పెద్దరోడ్డు మీద మైలురాళ్ళు చూసుకుంటూ వెళ్ళి తిరిగొచ్చాడు. ఎప్పుడూ దారిలో ఒకసారి పెట్రోలు పోయించుకోవాల్సిన దూరం. ఈసారి ఇంటికొచ్చాక కూడా ట్యాంకులో ఇంకా ఉంది. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి పెళ్ళికొడుకులా నవ్వాడు.

"నీ సవతి మద్యం మానేసిందే," అన్నాడు.

"సంతోషం. ఇక మీకూ కాస్త బుద్ధులు నేర్పమనండి," అంది వ్యానక్క.

ఆ తర్వాత మొదలైనవి చిన్న చిన్న విషయాలు. వేటికవి చూస్తే ఏమీ లేదు.

పియానో ఉన్నవాళ్ళ ఇళ్ళకు మాస్టారు చెప్పిన వేళకంటే ముందే చేరుకోవడం మొదలుపెట్టాడు. తలుపు తీసినవాళ్ళు తడిజుట్టుతో, తువ్వాలుతో నిలబడేవాళ్ళు. "రోడ్డు ఖాళీగా ఉంది," అనేవాడు ఆయన, తనకే అర్థం కానట్టు. ఒకసారి వీధి మలుపులో కుక్క అడ్డం వచ్చింది. కుక్క బతికింది, దాని కేక మాత్రం వ్యానక్క చెవుల్లో రెండు మూడు పూటలు మోగింది. ఒక సాయంత్రం మన ఇంటి గేటేగా అన్నంత ధీమాగా లోపలికి తిప్పి, రాతిస్తంభానికి బండి పక్క భాగం గీరాడు. ఇన్నేళ్ళలో ఆ స్తంభం ఆయనకెప్పుడూ అడ్డురాలేదు.

"స్తంభం ఏమన్నా ముందుకు జరిగిందా?" అని నవ్వేసి లోపలికి వెళ్ళిపోయాడు.

వ్యానక్క నవ్వలేదు. బండి చుట్టూ తిరిగి ముందు చక్రం దగ్గర వంగింది. కాలిన వాసన. ఇనుము వేడెక్కి, దానికి అంటుకున్నదేదో మాడిన వాసన. పిల్లల వ్యానులో ఆ వాసన వస్తే ఆమె ఆ రోజు ఇక బండి తీయదు.

మర్నాడు తమ్ముణ్ణి పిలిపించింది. వాడు చక్రం ఊడదీసి లోపలి బ్రేకు డ్రమ్మును చూపించాడు. నున్నటి ఇనుము మీద అక్కడక్కడా నీలంగా కమిలిన మచ్చలు.

"బావ ఈమధ్య బ్రేకు మీద నిలబడే నడుపుతున్నాడా ఏంటక్కా?"

"ఆయనెప్పుడన్నా బ్రేకు దుబారా చేశాడురా? బ్రేకు తొక్కితే పెట్రోలు పారబోసినట్టేనని నాకు పాఠాలు చెప్తాడు కదా."

తమ్ముడు ఆ డ్రమ్మును తిప్పి మచ్చల మీద బొటనవేలితో రాశాడు.

"అక్కా, బావ వేగం దేన్ని బట్టి చూస్తాడు?"

"చెవిని బట్టి. తెలియనట్టు అడుగుతావేం?"

"అదే ఇంజిను స్వరానికి బండి ఇదివరకటికంటే ఎక్కువ దూరం పోతోంది ఇప్పుడు. నేనే అలా చేశాను. ఆయన చెవి పాతదే, దానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు."

ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి పరీక్ష పెట్టారు. వ్యాను వెనక బండి, అందులో మాస్టారూ తమ్ముడూ. పాత స్వరం పట్టుకుని నలభైలో నడపమన్నాడు తమ్ముడు. వ్యానక్క అద్దంలో వెనక బండిని చూసుకుంటూ, దాన్ని దగ్గరికి రానీయకుండా, దూరం కానీయకుండా తన వ్యాను నడిపింది. ముల్లు చూసుకుంది. యాభైకి ఒక్క గీత తక్కువ.

బండ్లు ఆపాక ఆ మాట విని మాస్టారు ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. వ్యానక్కకు అదే నచ్చలేదు.

"అంటే స్వరం దిగిందన్నమాట. నలభై అనుకుని యాభై దగ్గర ఉన్నాను కాబట్టి..." గాలిలో వేళ్ళతో హార్మోనియం మెట్లు నొక్కాడు. "సరిగ్గా మూడు మెట్లు. నలభై ఇప్పుడు ఇక్కడ పలకాలి," అని కింది స్వరం ఒకటి ముక్కుతో అందుకున్నాడు. "ఇంతే కదా. పాడేవాడి గొంతును బట్టి శ్రుతి దించుకోమా? పాట మారుతుందా?"

"బావా, ఆ ముల్లు బాగుచేస్తాను. పందెం అయ్యేదాకా దాన్ని చూసి నడుపు."

"నేర్చుకున్న విద్యను పక్కన పెట్టి ముల్లు చూసుకోమంటావా? అప్పుడు ఆ గడియారాలాయనకూ నాకూ తేడా ఏముంది?"

"పోనీ పాత పళ్ళచక్రాలు మళ్ళీ వేసేస్తాను."

"పందెం అయ్యాక వేసుకో. ఒరేయ్, నేను బతుకంతా తప్పు స్వరాలు సరిచేసినవాణ్ణి. నా స్వరం నేను దించుకోలేనా?"

నిజానికి ఆయన దించుకున్నాడు కూడా. ఆ తర్వాత బండి తీసిన ప్రతిసారీ ఆ కింది స్వరాన్ని సన్నగా కూనిరాగంలా తీస్తూ, ఇంజినును దానికి కలుపుతూ నడిపాడు. ఇళ్ళకు ముందే చేరడం ఆగిపోయింది. గేటు స్తంభం తన చోటికి వెళ్ళిపోయింది. తమ్ముడు డ్రమ్ములు నున్నగా చేసి, బ్రేకులు కొత్తవి వేసి, ఊపిరి పీల్చుకున్నాడు.

వ్యానక్క మాత్రం పీల్చుకోలేదు. ఆయన కూనిరాగం తీస్తున్నంతసేపే బండి సరిగ్గా ఉంటోందని ఆమె కనిపెట్టింది. దారిలో ఎవరన్నా పలకరించినా, పాత పాట ఏదన్నా మనసులోకి వచ్చినా ఆ రాగం ఆగిపోయేది. కాసేపటికి ఇంజిను తనంతట తాను పైకెక్కి, పాత స్వరం దగ్గర ఆగేది. ఇంటి తోవ తెలిసిన పశువులా. అది తన చోటికి చేరిన సంగతి ఆయనకు తెలిసేది కాదు. తప్పుగా వినబడితే కదా తెలియడానికి.

పందెం ముందురోజు తమ్ముడు అక్కను పక్కకు పిలిచాడు.

"నువ్వు వెళ్ళకక్కా. ఇద్దరుండాలి కాబట్టి నువ్వు ఎక్కనంటే పందెమే ఉండదు."

"ఆయన పక్కసీట్లో ఎక్కడానికి సంఘంలో పదిమంది సిద్ధంగా ఉన్నార్రా. వాళ్ళలో ఆ రాగం ఆగిందని కనిపెట్టేవాడు ఎవడన్నా ఉన్నాడా?"

తమ్ముడు నల్లటి చేతిగుడ్డను మెలిపెడుతూ నిలబడ్డాడు.

తెల్లారకముందే ఆమె స్నానం చేసి దేవుడి ముందు దీపం పెట్టింది. ఏం అడగాలో తోచలేదు. ఆయన గెలవాలని అడగబుద్ధి కాలేదు, ఓడిపోవాలని అడగడం పాపమనిపించింది. ఇచ్చినవాడివి నువ్వే, ఇచ్చిన చెవిని ఆ మనిషి నమ్ముకోవడం తప్పెలా అవుతుంది స్వామీ అని అడిగింది. దీపం ఒత్తి కొద్దిగా ఎగదోసి లేచింది.

పెద్దరోడ్డు మీద అంతా బాగానే సాగింది. ఇంజిను గొంతు తగ్గించి గుసగుసగా నడిచింది. ఎత్తు మొదలయ్యాక అది ఆయాసపడింది. మాస్టారు కింది గేర్లలోకి దించి ఓపిగ్గా ఎక్కించాడు. దారిలో ఆగిన బండ్లవాళ్ళు చేతులూపారు. కొండ మీద బల్లవేసి కూర్చున్న సంఘంవాళ్ళు సీలు చూసి, వేళ రాసుకుని పంపించేశారు.

"గడియారాలాయన ఎంతసేపయింది వెళ్ళి?" అని అడిగాడు మాస్టారు.

"ఇప్పుడే. ఆ మలుపు తిరిగి ఉంటాడు."

దిగడం మొదలైంది. ఒకవైపు కొండ, దాని అడుగున రాళ్ళు పేర్చిన కాలువ. రెండోవైపు తెల్లసున్నం వేసిన పొట్టి రాళ్ళు వరసగా, వాటి అవతల ఏమీ లేదు. దూరంగా కిందెక్కడో రేవులోని నీళ్ళు రేకుముక్కలా మెరిశాయి. మాస్టారు మూడో గేరులో ఉంచి కూనిరాగం అందుకున్నాడు. మొదటి మలుపు చక్కగా తిరిగింది. రెండోది కూడా. వ్యానక్క ఒళ్ళోని దారి కాగితం మీద చేతులు పెట్టుకుని ఆ రాగాన్నే వింటూ కూర్చుంది. ఆమెకు స్వరజ్ఞానం లేదు. ఉందా ఆగిందా అన్నదొక్కటే తెలుసు.

"ఏమండీ, రెండో గేరులోకి దించరాదూ? ఇంజినే పట్టుకుంటుంది కదా."

"రెండోలో రొద ఎక్కువ. మూడోలో హాయిగా ఉంది," అని మళ్ళీ రాగం అందుకున్నాడు.

ఇంకో మలుపు తిరగగానే కింది రోడ్డు మీద గడియారాలాయన బండి వెనక భాగం కనబడింది. దాని బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి.

"చూశావా? పిరికిపంద. ప్రతి మలుపుకూ పెట్రోలు పారబోస్తున్నాడు. ఈ ఏడు చస్తాడు నా చేతిలో," అన్నాడు మాస్టారు నవ్వుతూ.

ఆ మాటతో రాగం ఆగింది.

వ్యానక్క ఎదురుచూసింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టలేదు. కళ్ళు ముందున్న బండి మీదే ఉన్నాయి. ఇంజిను స్వరం మెల్లగా, ఎవరూ తోయకుండానే, ఒక్కో మెట్టూ పైకెక్కింది. ఎక్కి ఒకచోట ఆగింది. ఆయన భుజాలు సడలాయి. ముఖంలో ఆమెకు బాగా తెలిసిన ప్రశాంతత వచ్చింది. చాలాసేపు సతాయించిన తీగె చివరికి శ్రుతిలో కుదిరినప్పుడు ఆయన ముఖంలో కనబడేది అదే.

"ఏమండీ."

"ఊఁ."

"ఎంతలో ఉన్నాం?"

"నలభై. వినబడటం లేదూ?"

తెల్లరాళ్ళు ఆమె పక్క నుంచి ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఏళ్ళ తరబడి పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన మనిషి ఆమె. రాళ్ళు ఎంత తొందరగా వెనక్కిపోతే లోపల పిల్లలు ఒకరి మీద ఒకరు పడతారో ఆమె ఒంటికి తెలుసు. ఎదురుగా రోడ్డు మడత పడుతోంది. దాని అవతల కొండ లేదు, ఆకాశమే ఉంది.

"నలభై కాదండీ. బ్రేకు వెయ్యండి."

"వేస్తాలే. ఇంకా దూరముంది."

ఆయన పాదం బ్రేకు మీద ఆనింది, దువ్వుతున్నట్టుగా. కాలిన వాసన లోపలికి వచ్చింది. ఆయన నొక్కిన కొద్దీ ఆ పెడలు లోపలికి పోతోంది, బండి మాత్రం ఆగడం లేదు. అయినా ఆయన ముఖం మారలేదు. చెవి అంతా బాగానే ఉందని చెప్తోంది. ఆ చెవి ఇన్నేళ్ళుగా ఆయనకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఇప్పుడూ చెప్పడం లేదు.

ఇక మాటలతో పని కాదని వ్యానక్కకు అర్థమైంది. ఆయన లోపల కూర్చున్నది తన గొంతు వినదు. అది ఇంజిను మాటే వింటుంది.

చెయ్యి చాచి ముందు పలక మధ్యలో ఉన్న ఇంజిను తాళం తిప్పేసింది.

ఇంజిను నోరు మూతపడింది. గేరులో ఉంది కాబట్టి ఎక్కడో అడుగున పళ్ళు నూరినట్టు చప్పుడు మిగిలింది, అంతే. మిగతాదంతా గాలి. టాపు బట్టను చింపేసేంత గాలి. ఇంతసేపూ అది అక్కడే ఉందని మాస్టారు అప్పుడే విన్నాడు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. రోడ్డును మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు.

"దేవుడా," అన్నాడు చాలా నెమ్మదిగా.

తర్వాత ఆయన చేతులు పనిచేశాయి. రెండు పాదాలతోనూ పెడళ్ళు బలంగా తొక్కి రెండో గేరులోకి కుక్కాడు. అడుగున ఏదో మూలిగింది, బండి ముక్కు నేలకు వంగింది. సరిపోలేదు. ఆయన స్టీరింగు చక్రాన్ని కొండ వైపు తిప్పి అలాగే పట్టుకున్నాడు. పక్కభాగం రాళ్ళను రాసుకుంది, రేకు చిరిగింది, దీపం పగిలింది, ఆమె తల తలుపుకు కొట్టుకుంది. ముందు చక్రం కాలువలోకి దిగి బండి ఒరిగి ఆగింది. మలుపు ఇంకా అవతలే ఉంది.

చక్రాల దగ్గర పొగ సన్నగా లేస్తోంది. వ్యానక్క నుదురు తడుముకుంది. వేళ్ళకు కొద్దిగా రక్తం అంటింది.

"దెబ్బ తగిలిందా?"

"పెద్దగా ఏం లేదు. మీకు?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నాకు సరిగ్గానే వినబడింది," అన్నాడు చివరికి. అది ఫిర్యాదులా ఉంది, ఎవరి మీదో తెలియదు. "ఒట్టు. అణుమాత్రం తప్పు లేదు."

"నాకు తెలుసండీ."

"మూడు మెట్లు కింద ఉండాలని నాకు గుర్తుంది కూడా. గుర్తుండి కూడా..."

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

వెనక వచ్చిన బండివాళ్ళు ఆగి, అందరూ కలిసి కాలువలోంచి బండిని పైకి లేపారు. తాడు కట్టి లాక్కుపోతామన్నారు. ఘాటులో తాడు మీద దిగడం ఇంకా ప్రమాదమన్నారు ఇంకొకరు. చక్రాలు తిరుగుతున్నాయి, ఇంజిను పలుకుతోంది. బ్రేకులు చల్లబడితే మెల్లగా దిగొచ్చు. వాళ్ళు నీళ్ళిచ్చి, రేవు దగ్గర కబురు చెప్తామని వెళ్ళిపోయారు.

డ్రమ్ముల మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లబడ్డాక మాస్టారు నడిపేవాడి తలుపు వైపు అడుగు వేశాడు. వ్యానక్క ఆ తలుపు ముందు నిలబడే ఉంది.

"నేను నడుపుతాను."

"నీకు దీని సంగతి తెలియదే. ఒక్కరోజు కూడా ముట్టుకోలేదు."

"తెలియదు. అందుకే రోడ్డు చూసి నడుపుతాను."

ఆయన అటువైపు నడిచి వెళ్ళి పక్కసీట్లో కూర్చున్నాడు.

వ్యానక్క కళ్ళు మూసుకుని తెరిచింది. దేవుడికి కృతజ్ఞత చెప్పాలో, ఇంకా అడగాలో తేల్చుకోలేక రెండూ కలిపి ఒకే మాటగా అనుకుంది. బండిని మొదటి గేరులో వేసి కదిలించింది, ఆ తర్వాత రెండోలో. మూడోలోకి పోలేదు. ఇంజిను గోలపెట్టింది, పెట్రోలు ఎంత కాలుతోందో పట్టించుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఆ గోలకు మాస్టారి ముఖం ముడుచుకుపోయింది, కానీ నోరెత్తలేదు.

మలుపు దగ్గరపడింది. ఆమె ముందుగానే బ్రేకు మీద కాలు పెట్టింది. బండి బుద్ధిగా తగ్గి, ఆకాశం పక్క నుంచి మెల్లగా తిరిగింది.

అప్పుడు ఆమె కంటికొసకు ఆయన కుడికాలు కనబడింది. పక్కసీటు ముందు ఏమీ లేని చోట ఆ కాలు, బ్రేకు ఉన్నట్టే, కిందికి నొక్కింది. ఆమె నొక్కిన చాలాసేపటికి, మలుపు దాదాపు అయిపోతుండగా. ఆయనకు తెలియకుండానే జరిగిందది. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, పెదవులు ఆ కింది స్వరాన్ని పట్టుకోవాలని తంటాలు పడుతున్నాయి.

తర్వాతి మలుపులోనూ అంతే. ఆ తర్వాతి దాంట్లోనూ. రేవు నీళ్ళు దగ్గరవుతూ వచ్చాయి. ఇంటికెళ్ళాక తమ్ముడు పాత పళ్ళచక్రాలు వేస్తానంటాడు, ఆయన సరేనంటాడు, మళ్ళీ ఒక పొద్దున తాళంచెవి కోసం చెయ్యి చాస్తాడు. అప్పుడు తానేం చేయాలో వ్యానక్క ఆలోచించలేదు. రోడ్డు మీదే కళ్ళు పెట్టి, ప్రతి మలుపుకూ ముందే కాలు వేస్తూ, పక్కనున్న ఆ కాలు ఎంత ఆలస్యంగా కదులుతోందో చూస్తూ కిందికి దిగింది.